సంగటి కెలికి నేర్పిన నిష్పత్తి

ఉద్యోగం కొత్తగా వచ్చినప్పుడు లోకాన్ని మార్చేస్తానన్న నమ్మకం కూడా దాంతోపాటే వస్తుంది. నాకది కాస్త ఎక్కువ మోతాదులో వచ్చింది. తమిళనాడులో ధర్మపురి పక్కన, సోగత్తూరు వైపు ఒక బడిలో ఏడో తరగతికి లెక్కల టీచరుగా చేరిన రోజులవి. మూడు వారాలు బోర్డు అరగదీసినా నిష్పత్తులు పిల్లల తలకెక్కలేదు. ఇంట్లో, పొలంలో వాళ్లు నేర్చుకున్నదాన్నే తరగతిలోకి తెస్తే ఎందుకు రాదో చూద్దామని, మా అవ్వ చేత సంగటి చేయించి నేర్పిస్తానని పట్టుబట్టాను.

"ఒక్క పిరియడ్ ఇస్తా. లెక్క రాకపోతే ఈ వంటలు ఇంతటితో ఆపాలి" అంది పెద్ద టీచరమ్మ తమిళంలో.

డెబ్బై ఏళ్లలో అవ్వ బడి మెట్టు ఎక్కడం అదే మొదలు. పట్టుచీర కట్టుకుని వచ్చింది. (పొయ్యి దగ్గరికి పట్టుచీరెందుకని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.) పిల్లలందరినీ భోజనాల షెడ్డుకు తీసుకెళ్లాను. గ్లాసు రాగిపిండికి రెండు గ్లాసుల నీళ్లని చెప్పి, అయిదు గ్లాసుల పిండి కోసం నీళ్లు కొలిచి పోయసాగాను. అవ్వ ఊరుకుంటేనా!

"కొలతేమిటికే? కండ్లు లేవా నీకు?" అని, చిన్నప్పుడు నేను లెక్కలకు జడిసి గడ్డివాములో దాక్కున్న కథ మొదలుపెట్టింది. ఆ సిగ్గులో నా లెక్క తప్పింది. నీళ్లు మరిగాక పిండి వేసి ఎంత కెలికినా జావే తప్ప సంగటి కాలేదు. పిల్లలు పకపకా నవ్వారు. పెద్ద టీచరమ్మ చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడింది. నేను మాత్రం తెడ్డు వదల్లేదు. భుజం పీకేస్తున్నా మొండిగా తిప్పుతూనే ఉన్నాను.

అప్పుడు, తరగతిలో ఎన్నడూ నోరు విప్పని పిల్ల ఒకతె లేచింది. కూలికి పోయే అమ్మకు రోజూ వండిపెట్టేది ఆ పిల్లే.

"టీచర్, మీరు పన్నెండు గ్లాసులు పోసినారు. నేను చూస్తానే ఉన్నా" అంది, ఇంటి తెలుగులో. "ఇంకొక గ్లాసు పిండి వేస్తే సరిపోతాది."

"ఎట్లా తెలుసు?"

"పన్నెండు నీళ్లకు ఆరు పిండి గదా! మీరు అయిదే వేసినారు."

అవ్వ నా చేతిలోని తెడ్డు లాక్కుని ఆ పిల్లకిచ్చింది. "నువ్వు పక్కకు రామ్మే" అంది నాతో. పిండి పడింది, సంగటి ముద్దకొచ్చింది.

"ఇరవై నాలుగు గ్లాసుల నీళ్లకు?" అని గుమ్మంలోంచి పెద్ద టీచరమ్మ అడిగింది. "పన్నెండు!" అని సగం తరగతి అరిచింది. ఆవిడ లోపలికొచ్చి ఒక ముద్ద తిని, "వచ్చే వారమూ చెయ్యండి. ఉప్పు చూసుకోండి" అని వెళ్లిపోయింది.

ఈమధ్య హరూర్‌లో కొత్త టీచర్లకు నేనే శిక్షణ ఇచ్చాను. చేసి నేర్చుకోవడం ఎంత గొప్పదో తెర మీద బాణం గుర్తులు చూపిస్తూ గంటన్నర చెప్పాను. "ఒకసారి చేసి చూపిస్తారా మేడమ్?" అని ఒకమ్మాయి అడిగితే టైము లేదన్నాను. బస్సెక్కాక నాకే నవ్వొచ్చింది. అప్పటి నేను ఆ గదిలో ఉండుంటే, నా మాట వినకుండా లేచి వెళ్లి పొయ్యి వెతుక్కునేదాన్ని.