రందా కింద పోయిన రెండు అక్షరాలు

2022 వానాకాలం. నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో నా పని. పాత ప్యాలెట్లతో గోడకు నిలబెట్టే పూలతొట్లు చేస్తాను. ప్యాలెట్ అంటే గోదాముల్లో, లారీల్లో సరుకు కింద వేసే చెక్క చట్రం. సరుకు దిగాక అది పాతసామాను దుకాణానికి పోతుంది. పెరడు లేని ఇళ్ళవాళ్ళకు అడుగు మందం స్థలంలో ఇరవై మొక్కలు పెట్టుకునే వీలు దానితో కలుగుతుంది.

పని కష్టమైనది కాదు, ఓపిక కావాలి. చట్రాన్ని పడుకోబెట్టి వెనుక రెండు పొరల గోనెపట్టా మేకులతో బిగించాలి. చట్రం పట్టీల మధ్య ఏర్పడే ఒక్కొక్క అరకు అడుగున పలక వేయాలి. ఎర్రమట్టిలో, బెల్లం గానుగల దగ్గర కుళ్ళిన చెరకు పిప్పి కలిపి నింపాలి. మొక్కలు దగ్గర దగ్గరగా నాటి, రెండు వారాలు పడుకోబెట్టే ఉంచాలి. వేళ్ళు మట్టిని పట్టుకోకముందే నిలబెడితే అంతా జారిపోతుంది. చివరికి రెండు చెక్క దిమ్మలను కాళ్ళుగా వేసి గోడకు ఆనించాలి.

మా తాతగారి కాలంలో బోధన్ చుట్టూ మాకు చెరకు భూములుండేవి. చెరకు మోసే ప్రతి బండి మీద కాల్చి వేసిన ముద్ర ఉండేది: ఒక వలయం, అందులో మూడు చెరకు గడలు. భూములు పోయాయి, బండ్లు పోయాయి. ఆ ముద్ర వేసే ఇనుము నా వాటాకు వచ్చింది. అది చిన్న వాటా అని నేనెన్నడూ అనుకోలేదు. చేసిన ప్రతి తొట్టి మీద దాన్ని కాల్చి వేసేవాణ్ణి. అంతకుముందు చెక్క మీద కనిపించిన పరాయి ముద్రలన్నీ రందాతో చిత్రిక పట్టి తీసేసేవాణ్ణి. మా ముద్ర పక్కన ఇంకొకరిది ఉండటం నాకు సరిపడేది కాదు.

ఆ పరాయి ముద్రలకు అర్థం ఉంది. దేశం దాటి వచ్చే ప్యాలెట్ల మీద హెచ్‌టీ అని ఉంటే, పురుగు చావడానికి చెక్కను వేడి చేశారని. ఎంబీ అని ఉంటే, మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని. ఎంబీ చెక్కను ఇంటి పనికి వాడకూడదు. ఈ సంగతి నాకు తెలుసు. నేను సరుకు తెచ్చుకునే చోట ఎప్పుడూ హెచ్‌టీయే ఉండేది కాబట్టి చదవడం మానేశాను. ఆ ఏడు అక్కడ సరుకు దొరకక వేరేచోట ఒక లారీ కొన్నాను. చదవకుండానే రందా పట్టాను.

ఆ సరుకుతో చేసిన తొట్టి కోసమే మార్తమ్మ వచ్చింది. డిచ్‌పల్లి దిక్కు ఒక ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. ముద్ర మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"ఇది మీ ఇంటి గుర్తు గదా దొరా. మా బాపు తోలిన బండి మీద గిదే ఉండె."

"ఏ ఊరి బండి?"

"గదంత నాకేం ఎరుక? గీ గుర్తున్న బండి నడిమిట్ల ఇరుగది అనేటోడు మా బాపు."

బంతి, టేబుల్ రోజా నాటి, ఆమె ఇంటి వరండాలో నేనే నిలబెట్టి వచ్చాను.

నెలన్నర తర్వాత తొట్టి ఒక పక్కకు ఒరిగిందని ఫోన్ చేసింది. వెళ్ళేసరికి అందులో ఒక్క పువ్వు లేదు. పై నుంచి కింది దాకా పుదీనా, కొత్తిమీర, మెంతికూర. ఐదో నెల కడుపుతో ఉన్న ఆమె కూతురు సునీత జొన్నరొట్టె, పుదీనా పచ్చడి తెచ్చి ముందు పెట్టింది.

"తినుండ్రి సార్. మీ తొట్టి పుదీననే. అమ్మ నాకు రెండు పూటలా గిదే వెడ్తున్నది. బిడ్డ పచ్చగ పుడ్తదేమో."

పని కానిచ్చి తింటానన్నాను. తొట్టిని గోడ నుంచి జరిపి వెనక్కి వంగాను. వరండా మట్టినేలలో దిగిన కాలు అదే ప్యాలెట్ నుంచి కోసిన దిమ్మ. గోడవైపు కనబడదు గనుక అక్కడ రందా పట్టలేదు. అక్కడ మిగిలిన నల్లటి ముద్రలో చివరి రెండు అక్షరాలు: ఎంబీ.

తప్పు చదివానేమోనని తడి గుడ్డతో తుడిచి మళ్ళీ చదివాను. సంచిలో రందా ఉంది. నాలుగుసార్లు తోస్తే ఆ అక్షరాలు ఇక ఎవరికీ కనబడవు. ఆ ఆలోచన నాకు వచ్చింది. మా ఇంట్లో పుట్టినవాడికి అలాంటి ఆలోచన వస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు.

"మార్తమ్మా, ఆ పచ్చడి సునీతను తిననియ్యకు."

"ఉప్పెక్కువైందా దొరా?"

విషయమంతా చెప్పాను. సునీత చేయి కడుపు మీదికి పోయింది. అప్పుడు నేనొక నీచమైన మాటన్నాను.

"నేను పూలకని ఇచ్చిన గదా."

"పూలకే ఇచ్చిండ్రు," అంది మార్తమ్మ, గొంతు పెంచకుండా. "ఉత్త చెక్క తొట్టైతే కూరాకు వెట్టొచ్చునా అని అడుగుదును. మీ గుర్తు జూసి అడుగలే."

ఇన్నేళ్ళలో ఎవరూ నన్ను అంత గట్టిగా కొట్టలేదు.

ఆ సాయంత్రమే ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆ వాయువు చెక్కలో ఎక్కువ కాలం నిలవకపోవచ్చు, కానీ ఆ ప్యాలెట్ల మీద ఏ మందులు మోశారో, ఏం ఒలికిందో ఎవరు చెప్పగలరు అందామె. తినడం ఆపమని, పరీక్షలకు క్రమంగా రమ్మని చెప్పింది. తొట్టిని నేనే విప్పి, మట్టితో సహా తీసుకుపోయాను. ఆ సరుకుతో చేసిన మిగతా తొట్లు ఎవరెవరికి అమ్మానో గుర్తు తెచ్చుకుని, ప్రతి గడపకూ వెళ్ళి నా తప్పు నా నోటితోనే చెప్పి వెనక్కి తెచ్చాను. బాల్కొండలో ఒకాయన నవ్వి, "పూలే గదా సార్, ఏమైతది?" అన్నాడు. ఆయన దగ్గరా వదిలిపెట్టలేదు.

ఆ నాలుగు నెలలూ మార్తమ్మ నాకు ఫోన్ చేయలేదు. చేయమని అడిగే అర్హత నాకు లేదు. చలికాలం చివర ఒక పొద్దున చేసింది.

"ఆడపిల్ల. మంచిగున్నది. పచ్చగ ఏం లేదు."

ఆమే మళ్ళీ అంది: "ఇంకో తొట్టి చెయ్యుండ్రి దొరా. ఈసారి చెక్క మీదున్న వాళ్ళ గుర్తు గీకకుండ్రి. నేను సదువుకుంట. మీది ఎనుక దిక్కు ఏసుకోండ్రి."

అలాగే చేశాను. ఇప్పుడు నా షెడ్డు నుంచి పోయే ప్రతి తొట్టికీ ముందువైపు హెచ్‌టీ ముద్ర చెక్కుచెదరకుండా ఉంటుంది. కొనేవాళ్ళకు దాన్ని చూపించి, అర్థం చెప్పి, ఆ తర్వాతే ఇస్తాను. మా వలయం, మూడు చెరకు గడలు గోడవైపు ఉంటాయి. మా తాతగారి బండి విరగదన్న నమ్మకం ఆ ఇనుములో లేదు. బండి కట్టే ముందు ఎవరో ప్రతి ఇరుసునూ వంగి చూసి ఉంటారు. నాకు ఇనుము వాటాకు వచ్చింది. ఆ వంగడం మార్తమ్మ వరండాలో నేర్చుకున్నాను.