కోటిరత్నం టీచరు చెప్పిన పద్ధతి పాఠం

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట ఇది. చిలకలూరిపేటలో బస్సు దిగి, ఆటో దొరికితే ఆటో, లేకపోతే మిరప టిక్కీ బస్తాలు దించి వట్టిగా తిరిగొచ్చే ట్రాక్టరు ఎక్కి బడికి చేరేది కోటిరత్నం టీచరు. సొంతూరు పెదకాకాని. మనిషి పొట్టి, గొంతు మాత్రం నాలుగు వీధులకు వినపడేది. గైడులో చూసి జవాబులు దించే పిల్లల్ని చూస్తే ఆవిడకు ఒళ్లు మండిపోయేది. "ఊళ్లో ఇన్ని నోళ్లున్నాయి, మీ రాతలో ఒక్కటీ వినపడదేంట్రా?" అని నాలుగో తరగతిని కడిగేసేది.

రాతల్లో రకాలుంటాయని ఆవిడ చెప్పిన తీరు ఏ ట్రైనింగులోనూ నేర్పరు. పెళ్లి శుభలేఖ, పురుగుమందుల కరపత్రం, తప్పిపోయిన గేదె కోసం వేసిన చాటింపు, కుళాయి దగ్గర జగడం, అన్నీ ఆవిడకు పాఠాలే. చాటింపు ఎంత దూరం నిలబడ్డ మనిషికైనా అర్థం కావాలి, జగడంలో ఎవరి మాట వాళ్లదే అయి ఉండాలి. ఇంకో రకం రాత పద్ధతి, అంటే ఒక పని ఎలా చెయ్యాలో మొదలునుంచీ వరసగా రాయడం. "కథలో లేనిది కల్పించుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పద్ధతిలో మాత్రం కళ్లారా చూసిందే రాయాలి. ఏదీ వదలకూడదు" అని నూరిపోసింది.

ఈ పాఠాలతో తంటాలు కూడా వచ్చాయి. జగడం రాయమంటే పీరు అనే పిల్లాడు ఇద్దరు ఆడవాళ్లు తిట్టుకున్నది తిట్టుకున్నట్టే దించేశాడు. సంగతి తెలిసి ఆ ఇద్దరూ అప్పటికప్పుడు రాజీపడి, కలిసికట్టుగా టీచరు మీదికి వచ్చారు. ఆవిడ కుర్చీలు వేసి కూర్చోబెట్టి, ఆ రాత వాళ్లకే చదివి వినిపించింది. ఇద్దరూ నవ్వాపుకోలేక కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

రంగయ్యకు మాత్రం నవ్వు రాలేదు. మిరప, పత్తి పండించే రైతు, బడి విద్యా కమిటీకి పెద్ద. ఆయన కూతురు అఖిల నాలుగో తరగతే.

"ఏంది టీచరుగారూ, పక్కూరి కాన్వెంటులో పిల్లలు ఇంగ్లీషు పద్యాలు గడగడా అప్పజెబుతుంటే, మా పిల్లల చేత చాటింపులూ జగడాలూ రాయిస్తారా? ఎండాకాలం సెలవులయ్యాక మా అఖిలని కాన్వెంటు వ్యానెక్కిస్తున్నా. మావాళ్లంతా నా వెంటే" అన్నాడు.

అంతమంది వెళ్లిపోతే ఈ బడికి ఒక్క టీచరు చాలంటారు, కోటిరత్నాన్ని ఇంకెక్కడికో వేస్తారు. ఆవిడకు బదిలీ అంటే బెదురు లేదు. ఇప్పుడిప్పుడే సొంతంగా నాలుగు ముక్కలు రాస్తున్న పిల్లలు మళ్లీ గైడుల పాలవుతారే అని మనసు పీకింది. "శనివారం సాయంత్రం ఒక్కసారి వచ్చి వినండి. తర్వాత మీ ఇష్టం" అంది.

కోతల కాలం. మిరపకాయల ఘాటుకు చేతులు మండుతున్నా అందరూ వచ్చారు. పిల్లలు తాము రాసినవాటిలో ఎవరికి నచ్చింది వాళ్లే చదవాలంది టీచరు. ఎవరేం తెచ్చారో తనూ ముందుగా చూడలేదు. వీరబాబు అనే కుర్రాడు గేదె చాటింపు చదివితే బడి వసారా అంతా ఒకటే నవ్వులు. తర్వాత అఖిల లేచింది.

"మా నాన్న మిరపకు మందు కొట్టే పద్ధతి. ముందు డబ్బా సీలు పళ్లతో పీకాలి. బకెట్లో నీళ్లు పోసి, మందు పోసి, చేత్తో కలపాలి. పంపు తగిలించుకుని గాలి ఎటున్నా తొందరగా కొట్టాలి. మధ్యలో బీడీ కాల్చుకోవాలి."

మగాళ్లు ఒకళ్లనొకళ్లు పొడుచుకుని నవ్వారు. ఊళ్లో అందరూ మందు కొట్టేది అలాగే మరి.

"సాయంత్రానికి కళ్లు తిరగాలి. అప్పుడు గట్టు మీద కూర్చోవాలి. ఇంటికొచ్చి వాంతి చేసుకోవాలి. అమ్మ మజ్జిగ ఇస్తుంది. తెల్లారి మళ్లీ మొదటినుంచి చెయ్యాలి."

వాంతి కూడా మందు కొట్టడంలో ఒక భాగమే అనుకుంది ఆ పిల్ల. పుట్టి బుద్ధెరిగాక చూసింది అదే కదా. తను చెప్పిన పాఠాన్ని ఇంతకంటే బాగా ఎవరూ రాయలేరని కోటిరత్నానికి తెలుసు. అయినా, ఇంటి గుట్టు పదిమందిలో పెట్టిందని తండ్రి చెయ్యి చేసుకుంటాడేమోనని భయపడి పిల్ల పక్కకు వెళ్లి నిలబడింది.

రంగయ్య లేచాడు. మొహం ఎర్రబడింది.

"ఆ వాంతి ముక్క కొట్టెయ్యమ్మా" అన్నాడు.

అఖిల ఒకసారి టీచరును చూసి, తండ్రి వైపు తిరిగింది. "కొట్టెయ్యకూడదు నాన్నా. మందు కొట్టినప్పుడల్లా చేసుకుంటావుగా. జరిగింది వదిలేస్తే అది కథ అయిపోతుంది."

రంగయ్య వంగి, ఆ పిల్ల తల మీద చెయ్యి వేశాడు.

"అయితే అది జరక్కుండా చూసుకుంటాలే తల్లీ. అయిదో తరగతిలో మళ్లీ రాద్దువుగాని. ఇక్కడే, టీచరుగారి దగ్గరే."