క్లోమం అనే మాట విన్న ఏడు

పాలు పితుకుతుంటే బర్రె తన్నడం పల్లెలో కొత్త సంగతి కాదు. చిట్యాల దగ్గర మా ఊళ్లో అక్కను తన్నినప్పుడూ అట్లాగే అనుకున్నాం. డెక్క బొడ్డుకు పైన తగిలింది. కాసేపు ఊపిరాడక కూర్చుండిపోయింది. తర్వాత లేచి మిగిలిన పాలు కూడా పితికింది. ఒంటి మీద చిన్న కమిలిన మచ్చ తప్ప ఏమీ లేదు.

మరునాటికి నొప్పి వీపులోకి పాకింది. మంచినీళ్లు తాగినా వాంతి. మోకాళ్లు కడుపుకు ఆనించుకుని ముడుచుకుంటే తప్ప ఓర్చుకోలేకపోయింది. చేతులు చల్లబడేసరికి బావకూ నాకూ భయం పట్టుకుంది. ఆటో మాట్లాడి వరంగల్‌కు బయలుదేరాం.

అవి తెలంగాణ కోసం రోడ్లన్నీ ఆగిపోయిన రోజులు. బస్సులు లేవు. దారిలో ఒకచోట రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. నేను దిగి, "మా అక్క పాణం మీదికొచ్చింది, జర తొవ్వియ్యుండ్రి" అన్నాను. గంటె పట్టుకున్న ఒక అవ్వ ఆటోలోకి తొంగిచూసింది.

"అయ్యో బిడ్డా! ఏయ్, గా గంజులు పక్కకు జరుపుండ్రి!" అని కేకేసింది.

ఉడుకుతున్న అన్నం గంజును ఇద్దరు గుడ్డలతో పట్టుకుని లేపారు. ఇంకెవరో మండుతున్న కట్టెలను పక్కకు లాగారు. మేం దాటేదాకా నినాదాలు ఆగిపోయాయి.

దవాఖానలో స్కానింగ్ చూసిన డాక్టరమ్మ మాకు విడమర్చి చెప్పింది.

"కడుపు వెనక, వెన్నుపూసకు ఆనుకొని క్లోమం ఉంటది. తిన్నది అరిగేటందుకు రసం ఇస్తది. తన్నుకు అది వెన్నుపూస మీద నలిగి చీలింది. ఆ రసం కారి లోపల పుండు చేస్తున్నది. ఆపరేషన్ చెయ్యాలె."

"బతుకుతదా మేడం?" అన్నాడు బావ.

"ఆలస్యమైంది గని చెయ్యి దాటలే. క్లోమం తోక దిక్కు, అంటే సన్నటి కొసకు చీలింది. ఆ ముక్క తీసేస్తం. మిగిలింది మనిషికి సరిపోతది."

ఆపరేషన్ అయ్యాక అక్క డొక్కలోంచి ఒక గొట్టం సంచిలోకి వేలాడుతుండేది. అందులోకి రసం కారుతూనే ఉండేది. నోటికి ఏమీ పెట్టొద్దన్నారు, ఆహారం కూడా గొట్టంతోనే. మధ్యలో జ్వరం ఎక్కింది. బావ వార్డు మెట్ల మీదే కూర్చుండేవాడు. నేను పొద్దున లేవగానే ఆ సంచి వైపే చూసేవాణ్ణి. జ్వరం దిగింది. రసం తగ్గుతూ తగ్గుతూ ఒకనాడు సంచి ఖాళీగానే ఉండిపోయింది. డాక్టరమ్మ గొట్టం తీసేసి, "ఇగ గంజి తాపుండ్రి" అంది.

అక్క ఒక చెంచా మింగి మొహం చిట్లించింది. "ఉప్పెయ్యలేదేందిరా?"

బావ నవ్వబోయి ఏడ్చేశాడు. నేను మంచం అంచున కూర్చుని ఇంకో చెంచా అందించాను.

క్లోమంలో ముక్క తీసేశారు కాబట్టి షుగర్ వస్తుందేమోనని చాలాకాలం రక్తం పరీక్ష చేయించాం. రాలేదు. మరుసటి వానాకాలం అక్క నాట్లకు పోయింది. బావ వద్దన్నాడు. వినలేదు.