క్లబ్బులో సినిమా, మైకులో నేను

ఇంగ్లీషు పేపరు చంకలో పెట్టుకుని నాలుగు వీధులు తిరిగితే చాలు, వీడికి ఇంగ్లీషు వచ్చని లోకం నమ్మేసే కాలం అది. ఆదిలాబాద్ జిల్లాలో ఒక బొగ్గుగనుల ఊళ్లో, సంక్షేమం ఆఫీసులో నేను తాత్కాలిక గుమాస్తాను. పెద్దపల్లిలో రైలెక్కించేటప్పుడు మా బాపు చెప్పింది ఒక్కటే: "నౌకరి పక్కా అయ్యేదాంక ఎవలేమడిగినా వస్తదనే చెప్పు." టైపు వచ్చా అంటే వచ్చన్నాను. ఇంగ్లీషు వచ్చా అంటే వచ్చన్నాను. హార్మోనియం కూడా వచ్చన్నాను. (అదృష్టం, ఆఫీసులో హార్మోనియం లేదు.)

మా ఆఫీసరు కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మంచి మనిషి. కార్మికులను ఉద్ధరించాలనే తపన ఆయనకు మలేరియాలా రోజు విడిచి రోజు వచ్చేది. అలా వచ్చిన ఒక రోజున, "ఉన్నత భావాలు కలిగించే విదేశీ చిత్రం" ఒకటి హైదరాబాదు నుంచి తెప్పించారు. గని పనివాళ్ల కథట. అది చూస్తే మనవాళ్లు కల్లు మానేస్తారని ఆయన ధీమా. అయితే ముందు అధికారులు చూసి, పనివాళ్లకు చూపించదగినదే అని తేల్చాలి. "కథంతా మైకులో తెలుగులో చెప్పవోయ్. బాగా చెప్పావంటే నీ పర్మనెంటు సంగతి నేను చూసుకుంటా" అన్నారు. నేను వచ్చన్నాను.

ఆ సాయంత్రం క్లబ్బు హాల్లో ముందు పేము కుర్చీల నిండా అధికారులు, వాళ్ల భార్యలు. వెనక బల్ల మీద కార్మికులందరి తరఫున ఒకే ఒక్కడు, గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే గదిలో పనిచేసే పెద్దాయన. అందరికీ దీపాల తాత. బొమ్మ మొదలైంది. తెర మీద మనిషి నోరు తెరిచాడు, నా నోరు ఎండిపోయింది. అది ఇంగ్లీషు కాదు. (ఏ భాషో ఇప్పటికీ తెలియదు.) "ఇతని పేరు జాన్" అన్నాను ధైర్యం చేసి. "కష్టజీవి. కల్లు ముట్టడు." అంతలోనే జాన్ సీసా ఎత్తి గటగటా తాగేశాడు. "దగ్గుమందు" అన్నాను. మరో నలుగురు వచ్చి తలా ఒక సీసా ఎత్తారు. "ఊరంతా దగ్గు పాకింది." అందరూ బల్లలెక్కి గంతులేశారు. "తగ్గిపోయింది!" అన్నాను. మేనేజరుగారి భార్య, "ఎంత ఐకమత్యమండీ!" అని ముచ్చటపడింది. వెనక నుంచి దీపాల తాత గొంతు: "గా మందు మన దవాఖానల గూడ ఇస్తే మంచిగుండు బిడ్డా!"

తరువాత నాలుగో రీలులో గని సైరను మోగింది. ఆడవాళ్లు ఇళ్లలోంచి పరుగెత్తుకొచ్చి గని నోటి దగ్గర నిలబడ్డారు. పైకి వస్తున్న ఒక్కొక్కడి మొహంలోకి చూస్తున్నారు, తమవాడు కాకపోతే పక్కకు జరుగుతున్నారు. జాన్ భార్య అలా చూస్తూనే ఉంది. అంతకుముందు ఎండాకాలం మా గని దగ్గర ఇలాగే నిలబడ్డవాళ్లను నేను చూశాను. "ఆగిపోయావేం? చెప్పవోయ్!" అన్నారు ఆఫీసరు. "జర ఊకోండ్రి సారూ, గిది సమజైతుంది" అన్నాడు తాత. ఆ తరువాత హాల్లో ఎవరూ దగ్గలేదు కూడా. జాన్ పైకి రాలేదు.

మర్నాడు ఆఫీసరుగారి నివేదికను నేనే టైపు చేశాను. చిత్రం ఉత్తమం, వ్యాఖ్యానం అత్యుత్తమం, దగ్గుమందు ఘట్టం ఆరోగ్య ప్రబోధకం. నాలుగో రీలు మాత్రం పనివాళ్లను నిరుత్సాహపరుస్తుంది కనుక వేయరాదు. దాని వెంటే నా పర్మనెంటు కాగితం కూడా వచ్చింది. ఆనందంతో ఆఫీసంతా పేడాలు పంచాను.

ఆదివారం మైదానంలో వందలమంది ముందు బొమ్మ పడింది. మూడో రీలులో గంతులేసిన జాన్ ఐదో రీలులో లేడు. భార్య ఒక్కతే పిల్లల్ని బడికి పంపిస్తోంది. జాన్ ఏమయ్యాడో జనానికి చెప్పాలి. "జాన్‌కు ప్రమోషనొచ్చి వేరే ఊరు వెళ్లాడు" అన్నాను. చప్పట్లు మోగాయి. దీపాల తాత మెల్లగా మైకు దగ్గరికొచ్చి, నాకు మాత్రమే వినబడేలా అడిగాడు.

"ప్రమోషనచ్చింది గాయనకా బిడ్డా, నీకా?"

మైకు పట్టుకున్న ఆ ఇరవై రెండేళ్ల గుమాస్తా మీద ఇప్పుడు నాకు కోపం రాదు, నవ్వే వస్తుంది. తాత ముందు సిగ్గుతో తల వంచుకున్నాడు, అంతవరకు నయం. చేతిలో మైకు మాత్రం వదల్లేదు, వెధవ.