అంబదాస్ మామ ఎర్ర సీసా

ఏది తాగాలన్నా ముందు దానికి గంటసేపు ఊపిరి ఆడనియ్యాలె అనేటోడు మా అంబదాస్ మామ. సారా, చాయ్, మజ్జిగ, ఆఖరికి జ్వరమొస్తె తాగే కషాయం గూడ. బెల్లంపల్లిల మాది పక్కిల్లే. ఏడాదిపాటు ఆయనింట్ల నేను వేడి చాయ్ మొఖం చూడలే.

ఈ పిచ్చి బొగ్గుబాయి దొర బంగ్లాల అంటింది. మామ అక్కడ వంట చేసేటోడు. దొర తన దేశం పోయేటప్పుడు ఆయన చేతుల ఒక సీసా పెట్టిండు. ఫ్రాన్సు దక్షిణాన, సముద్రం దగ్గరి కొండలమీద పండిన మూడు తీర్ల నల్లద్రాక్షలు కలిపి చేసిన ఎర్ర వైనట. మూత తీసినంక గంట ఆగితెనే అసలు రుచి తేలుతదట.

"ఎట్లుంటది మామా?" అని అడిగితే, "చిక్కగుంటది. నాలిక మీద జర సేపు కూసుంటది" అనేటోడు. ఇంకో దినం అడిగితే మిరియాలు యాదికొస్తయనేటోడు. మూత మాత్రం తీసేటోడు గాదు. ఆరేండ్లు గట్లనే ఊరించిండు.

మా వాడకట్టుల కొండల్ అని బాయిపని చేసేటోడుండె. షిఫ్టు దిగంగనే ఉత్త కడుపుల సారా పోసుకునుడు, తెల్లారి లేవకపోవుడు. ఇంకొక్క నాగా పెడితే పేరు కొట్టేస్తమని బాయిమీద చెప్పిండ్రు. పెండ్లాం దేవవ్వ పరేషాన్.

మామ కొండల్‌ను పిలిచి సీసా చూపెట్టిండు. "ఏడాదిపాటు నా అరుగుమీద, సారాకు గంట ఊపిరి తీయించి తాగు. ఇది నీకు పోస్త."

"సారాకు ఊపిరేంది మామా?"

"దొరకంటె నీకెక్కువ తెల్సా?"

ఇగ కొండల్ రోజూ షిఫ్టు దిగి, గిన్నెల సారా పోసి దాని ముందట కూసునేటోడు. నడుమ నడుమ వాసన చూసి, "ఊపిరి తీస్తుందా?" అని నన్నడిగేటోడు. గా గంటల దేవవ్వ జొన్నరొట్టె, పప్పు తెచ్చేది. కడుపు నిండినంక సారా సగం గిన్నెలనే మిగిలేది. మామ పిచ్చి చాయ్‌కు, మజ్జిగకు పాకింది గూడ అప్పుడే. ఏడాది గడిచింది. కొండల్‌కు ఒక్క నాగా లేదు.

మాటిచ్చిన దినం మామ సీసా తెరిచిండు. గిలాసలు నింపి, ఆగలేక తనదే ముందు నోటికాడికి తెచ్చిండు.

కొండల్ ఆయన చెయ్యి పట్టుకున్నడు. "ఆగు మామా. ఊపిరి తీయనియ్యి. దేవవ్వ రొట్టెలు తెస్తది."

మామ గిలాస కింద పెట్టిండు. నాకు నవ్వాగలే. మామ చెవుల మెల్లగ అడిగిన. "నిజం చెప్పు, సారాకు ఊపిరి కావాల్నా?"

"సారాకెందుకురా? కొండల్‌కు కావాలె."

"మరి నా చాయ్ ఏం పాపం చేసింది?"

"వానొక్కణ్నే ఆపితే చిన్నబోతడు గదరా. నేను తాగలేనా సల్లటి చాయ్?"

గంటైనంక తాగినం. వగరుగ, చిక్కగ, నిజంగనే నాలిక మీద జర సేపు కూసున్నది. కొండల్ రెండో గిలాస అడగలే, ఇంకో రొట్టె అడిగిండు.

మర్నాడు పోతె మామ పొగలుగక్కే చాయ్ ఇచ్చిండు. అలవాటు తప్పినోణ్ని, నాలిక కాల్చుకున్న.