తాతయ్య వద్దన్న కట్ట

నా చిన్నప్పుడు, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మేము కడపలో బండలు కోసే మిషన్ల వెనుక రెండు అద్దె గదుల్లో ఉండేవాళ్లం. పెద్ద మిద్దె అమ్ముడుపోయినా మా తాతయ్య ఇస్త్రీ చొక్కా లేనిదే గుమ్మం దాటేవారు కాదు. ఆయన మనవరాలిగా నేనూ మెడ నిటారుగా పెట్టుకునే నడిచేదాన్ని.

తాతయ్య అప్పట్లో ఇటలీ దేశపు రచయిత ఒకాయన జీవితాన్ని తెలుగులో రాస్తుండేవారు. ఆయనదీ చితికిపోయిన గొప్పింటి కుటుంబమే. చివరి రోజుల్లో ఒకే ఒక్క నవల రాశాడట. ప్రచురణకర్తలు తిప్పి పంపారు. ఆయన పోయాకే అది అచ్చయింది, దేశదేశాల వాళ్లు చదివారు.

“యుద్ధంలో ఆయప్ప ఇంటి మీద బాంబులు పడినాయి పాపా. మనింటికి ఆ పాటి యోగం గూడా లేకపాయె, మనమే అమ్ముకుంటిమి” అని తాతయ్య నవ్వేవారు. తిరిగొచ్చిన కాగితాలను చేయి చాపి తీసుకోవడమే ఆ రచయిత చేసిన తప్పని ఆయన నమ్మకం. మా ఇంటి నుంచి వెళ్లింది ఏదైనా, పెళ్లిలో చదివించిన వెండిపళ్లెమైనా సరే, తిరిగొస్తే లోపలికి రానిచ్చేవారు కాదు.

రాత పూర్తయింది. ఉన్న ఒక్క ప్రతినీ విజయవాడలోని ప్రచురణకర్తకు పంపారు. మూడు నెలలకు పోస్టుమాన్ లావుపాటి కట్ట తెచ్చాడు. పంపినవారి పేరు వినగానే తాతయ్య ముఖం మాడిపోయింది.

“ఒక్కతూరి ఇప్పి సూడండి పెద్దాయనా, పోయేదేముండాది” అన్నాడు పోస్టుమాన్.

“ఏమప్పా, మా ఇంటి సంగతి నీకు తెల్దా? వద్దని చెప్పు పాపా.”

నేను గుమ్మంలో నిలబడి, “మాకొద్దు, ఎత్తకపో” అన్నాను. అతను కట్టను సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

తాతయ్య మళ్లీ కలం పట్టలేదు. ఆ ఎండాకాలం దాటలేదు కూడా. కర్మాంతరం అయిన మర్నాడు విజయవాడ నుంచి కార్డు వచ్చింది. అచ్చుకు ముందు సరిచూడమని ప్రూఫులు పంపామని, మీరు వద్దన్నారు కాబట్టి పుస్తకం మానుకున్నామని అందులో ఉంది. నాన్న కార్డు జేబులో పెట్టుకుని బయటికి వెళ్లిపోయారు. వాళ్లకు తిరిగి రాయలేదు. బతిమాలడం మా ఇంట్లో లేదు.

పెద్దయ్యాక ఆ రాతప్రతిని అడగడానికి నేనే విజయవాడ వెళ్లాను. ప్రచురణకర్త ఆఫీసు ఉండాల్సిన చోట చెప్పుల దుకాణం ఉంది.

తాతయ్యది పొరపాటని ఎవరన్నా అంటే ఇప్పటికీ ఊరుకోను. కానీ ఏ కవరు వచ్చినా నిలబడ్డచోటే విప్పి చదువుతాను. విప్పేటప్పుడల్లా “మాకొద్దు” అన్న ఆ పొగరు గొంతు వినిపిస్తుంది. అది తాతయ్య గొంతు కాదు, నాది.