గేటు బయట జరిగినా

2023లో నేను బెంగళూరులో ఒక ఎంపీ గారి దగ్గర లెజిస్లేటివ్ అసిస్టెంటుని. సభలో ఆయన మాట్లాడే విషయాల మీద వివరాలు వెతికి నోట్ రాసివ్వడం నా పని. ఆసారి విషయం, పనిచోట హింస, వేధింపులను అరికట్టే అంతర్జాతీయ ఒప్పందం. మన దేశం దాన్ని రాటిఫై చెయ్యలేదు. అంటే, కట్టుబడి ఉంటామని అధికారికంగా ఒప్పుకోలేదు.

నాలుగు పేజీలు రాశాను. సార్ చదివి, "అన్నీ ఉన్నాయమ్మా, మనుషులే లేరు. జీరో అవర్‌లో నాకు దొరికేది రెండు మూడు నిమిషాలు" అన్నారు. సభ్యులు అత్యవసర విషయాలు లేవనెత్తే సమయం అది.

ఆ ఆదివారం బెంగళూరు శివార్లలోని జిగణి వెళ్లి, కార్మిక సంఘం వాళ్లు చెప్పిన రత్నమ్మను కలిశాను. పేరు మార్చాను. మదనపల్లె వైపు నుంచి వచ్చి, బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తోంది. సూపర్‌వైజరు రోజూ ఆమె ఎక్కే షేర్ ఆటోలోనే ఎక్కి, పక్కన కూర్చుని ఒంటిమీద చెయ్యి వేసేవాడు. ఫ్యాక్టరీలో వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీకి చెబితే, గేటు బయట జరిగినదానికి మాకు సంబంధం లేదన్నారట.

నా నోట్ చదివి వినిపించాను.

"ఇదంతా నాకు తెలీదు మా. లోపల చెయ్యి వేస్తే తప్పంట, ఆటోలో వేస్తే కాదంట. మనిషి వాడే, చెయ్యీ అదే కదా?"

ఆ ఒప్పందంలో పనికి వెళ్లొచ్చే దారి కూడా ఉందని చెప్పాను. ఆమె నిటారుగా కూర్చుంది.

"అట్లయితే ఆ మాటే చెప్పమను. నా పేరు మాత్రం వద్దు. పని పోతే కష్టం."

నాలుగు పేజీలూ పక్కన పెట్టి, ఆమె మాటలతో ఒక్క పేజీ రాశాను. సార్ సభలో అది అలాగే చదివారు. ఆమెను అడిగి, పేరు రాయకుండా ఫ్యాక్టరీకి కూడా ఉత్తరం రాశారు. కమిటీ ఫిర్యాదు మళ్లీ తీసుకుని విచారించింది. సూపర్‌వైజరును పనిలోంచి తీసేశారు.

ఒప్పందం సంగతి మాత్రం 'పరిశీలనలో ఉంది' అని ప్రభుత్వం నుంచి జవాబొచ్చింది. మొహం చెల్లక రత్నమ్మకు ఆ మాట ఫోన్లోనే చెప్పాను.

"కానీలే మా. ఇప్పుడు ఆటోలో భయం లేకుండా పోతాండాను. మీరు మళ్లీ అడగండి, ఇంకా శానామంది ఉండారు" అంది.

మళ్లీ అడిగాం, ఇంకా అడుగుతున్నాం. అప్పట్నుంచి ఏ నోట్ రాసినా, అది ఎవరి గురించో వాళ్లకి ముందు చదివి వినిపిస్తాను. ఈ పని నాకు నేర్పింది రత్నమ్మే.